రేటు అడిగే ముందు మన ఖర్చు ఎంతో చూద్దాం



పొద్దున్నే ఫోన్ తీస్తే మన గ్రూపుల్లో కనబడే మొదటి ప్రశ్న ఒకటే. రామనగరలో ఎంత? శిడ్లఘట్టలో ఎంత? హిందూపురంలో పైన ఎంత, కింద ఎంత? కొమ్మలు కోయడానికి కొడవలి పట్టుకోకముందే రేటు పట్టుకుంటాం. యాభై పెరిగిందంటే ఆ రోజు షెడ్డులో మాటలు, నవ్వులు. యాభై తగ్గిందంటే మేత కూడా అరగంట ఆలస్యం. ఈ పత్రికలో కూడా రేట్లు వేస్తారు. వేయొద్దని మేము అనడం లేదు. గూళ్లు విడిపించిన రోజు ఏ మార్కెట్టుకు బండి ఎత్తాలో తెలియాలంటే రేటు కావాల్సిందే. కానీ ఒక పంటలో ఆ అవసరం పడేది ఒకటి రెండు రోజులు. మిగతా రోజుల్లో రేటు చూసి మనం చేసేదేమిటో ఎవరైనా చెప్తే వింటాం.

మా మాట ఏమిటంటే, మనల్ని మనం రైతులం అని ఎంత చెప్పుకున్నా పురుగుల షెడ్డు ఒక చిన్న వ్యాపారం. చాకీ కొంటాం, మందులు కొంటాం, కూలీలను పెడతాం, సరుకు తయారు చేసి అమ్ముతాం. వేరుశనగ మాదిరి ఏడాదికి ఒక్కసారి కాదు. ఏడాదికి ఐదారు సార్లు, తోటను రెండు మూడు ముక్కలు చేసుకుని వరసగా చాకీ దించేవాళ్లు ఇంకా ఎక్కువ సార్లు. డబ్బు ఇంత తొందరగా తిరిగే సేద్యం మన పల్లెల్లో ఇంకొకటి తక్కువ. అలాంటి వ్యాపారం చేస్తూ “ఒక కిలో గూళ్లు తీయడానికి నీకు ఎంత పడింది అన్నా?” అని అడిగితే టక్కున చెప్పేవాళ్లు ఊరికి ఇద్దరు కూడా ఉండరు. మూడేళ్ల కింద ఏ పంటకు ఏ రేటు పలికిందో రూపాయితో సహా చెప్తారు. పడిన ఖర్చు అడిగితే “ఏదో అయింది లే” అంటారు.

ఇది చాలా రోజులుగా మనసులో ఉన్న మాటే. రాయాలని అనిపించింది మాత్రం మొన్న మద్రాసు పోయి వచ్చినాక. మా బంధువుల ఇంట్లో పెళ్లి. చీరలు తేవాలని ఆడవాళ్లు ముగ్గురు బయలుదేరితే మూటలు మోయడానికి మేమూ పోయినాం. కుప్పంలో రైలెక్కితే నేరుగా సెంట్రల్, అక్కడ రోడ్డు దాటి పార్క్ స్టేషన్లో లోకల్ రైలు ఎక్కితే మాంబళం. దిగి బయటికి వస్తే రంగనాథన్ వీధి. ఆ వీధిలో మనం నడవనక్కర లేదు, జనమే నడిపిస్తారు. అదంతా టి. నగర్.

ఈ టి. నగర్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన పట్టుకూ మన భాషకూ దాంతో చుట్టరికం ఉంది. టి అంటే త్యాగరాయ. సర్ పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగు దేవాంగుల ఇంట పుట్టిన మనిషి, మగ్గాల కార్ఖానా నడిపిన మనిషి. జస్టిస్ పార్టీ పెట్టిన పెద్దల్లో ఒకరు. 1920లో మద్రాసు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి పదవి తన దగ్గరికి వస్తే వద్దన్నారు. 1925లో చనిపోయారు. ఆ రోజుల్లోనే ఒక పెద్ద చెరువును పూడ్చి ఈ పేట కట్టి, దానికి ఆయన పేరు పెట్టినారు. పేట నడుమ ఉన్న పానగల్ పార్కు కాళహస్తి వైపు నుంచి వచ్చి 1921 నుంచి 1926 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్ రాజా పేరు. ఇప్పటికీ అక్కడ అంగళ్లలో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది.

ఆ పార్కు దగ్గరే నల్లి వాళ్ల అంగడి. కంచి నుంచి వచ్చిన నేతగాళ్ల కుటుంబం అది. నల్లి చిన్నసామి చెట్టి 1928లో అక్కడ చిన్న అంగడి పెట్టినారు. పేట అప్పుడే లేస్తా ఉంది, చుట్టూ ఇళ్లు కూడా సరిగా లేవు. 1956లో ఆయన మనవడు కుప్పుస్వామి చెట్టి పదహారేళ్ల వయసుకు అటూ ఇటూగా వ్యాపారం చేతిలోకి తీసుకున్నారు. 2003లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినారు. పెద్దవాళ్లను పొగడటానికి ఇది రాయడం లేదు. వాళ్లకు కలిసొచ్చింది, మనకు కలిసి రాలేదు అని చాలామంది అనేస్తారు కాబట్టి రాస్తున్నాం. 1928 నుంచి ఇప్పటిదాకా యుద్ధం వచ్చింది, పట్టు దొరకని రోజులు వచ్చినాయి, పాలిస్టరు వచ్చింది, పక్కనే పెద్ద పెద్ద మాళిగలు లేచినాయి. అన్నేళ్లూ ఒక్క అంగడికి కలిసి రావడం అనేది ఉండదు. పొద్దున తలుపు తీసింది మొదలు రాత్రి వేసేదాకా ఒక పద్ధతి ఉంటే తప్ప.

మేము చీరలు కొన్నది ఆ అంగట్లో కాదు, ఇంకొక చిన్న అంగట్లో. చూపించిన అబ్బాయి తిరుత్తణి వైపు తెలుగు మనిషి. మా ఆడవాళ్ల సంగతి తెలిసిందే కదా, నలభై చీరలు విప్పించి మూడు ఏరుకున్నారు. మేము పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తా ఉన్నాం. మా బేరం అయిపోయినాక ఆ అబ్బాయి పరిచిన చీరలన్నీ ఒక్కొక్కటిగా తీసి, పాత మడత గీత వెతికి, సరిగ్గా దాని మీదే మడిచి పెడతా ఉన్నాడు. తొందరగా చుట్టి పెట్టెయ్యొచ్చు, ఇంకో పార్టీ వచ్చి నిలబడింది కూడా. “ఎందుకప్పా అంత ఓపిక?” అని అడిగితే ఏమన్నాడంటే, “మడత మీదే మడవాల అన్నా. రెండో గీత పడితే కొనేవాళ్లు పాత సరుకు అంటారు. ఈ పొద్దు నాకు పది నిమిషాలు మిగుల్తాది, రేపు చీర పోతాది.” తర్వాత గల్లా పెట్టె పక్కన ఉన్న చిన్న పుస్తకంలో ఏదో రాసినాడు. ఎన్ని చీరలు విప్పినారో, ఎన్ని అమ్ముడుపోయినాయో రోజూ రాస్తారంట. ఏ రంగు ఎన్నిసార్లు విప్పినా పోవడం లేదో నెలాఖరుకు ఆ పుస్తకం చెప్తుందంట.

అంతే. పెద్ద రహస్యం ఏమీ లేదు. కానీ మేము రైలెక్కినాక కూడా ఆ పుస్తకం గురించే మాట్లాడుకున్నాం. వాళ్ల చేతిలో జరీ రేటు లేదు, పట్టు రేటు లేదు, పెళ్లి ముహూర్తాలు లేవు. మన చేతిలో మార్కెట్టు రేటు లేనట్టే. తమ చేతిలో ఉన్నదాన్ని మాత్రం వాళ్లు వదలడం లేదు.

ఒక లెక్క కూడా రైల్లోనే వేసినాం, మీకూ సరదాగా ఉంటుంది. ఒక చీరలో అర కిలో పట్టు ఉందనుకుంటే, ఉడకబెట్టి జిగురు తీసేటప్పుడు నాలుగో వంతు దాకా పోతుంది కాబట్టి ఆరు వందల యాభై గ్రాముల పైన ముడిపట్టు కావాలి. బైవోల్టిన్ అయితే కిలో ముడిపట్టుకు ఆరు, ఆరున్నర కిలోల గూళ్లు, సి.బి. అయితే ఏడెనిమిది కిలోలు. అంటే ఒక చీర వెనక నాలుగు నుంచి ఐదున్నర కిలోల గూళ్లు, రెండున్నర వేల పైన పురుగులు. ఆ గూళ్లకు మనకొచ్చింది ఎంత, చీర మీద చీటీ ఎంత అని మా ఇంటావిడ అడిగింది. రీలరు, దారం పురి పెట్టేవాళ్లు, రంగు వేసేవాళ్లు, జరీ, నేత, అంగడి అందరూ మధ్యలో ఉన్నారు. ఆ పంపకం న్యాయమా కాదా అనేది పెద్ద విషయం, ఇంకో సంచికలో మాట్లాడుకుందాం. ఈ రోజు మాట మన వాటా పెంచమని ఎవరినో అడిగేది కాదు, మన వాటా ఎక్కడ కారిపోతా ఉందో చూసుకునేది.

ఆ లెక్క ఇప్పుడు వేద్దాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే, మీ ఊరి కూలి, మీ చాకీ సెంటరు రేటు మీరు వేసుకోండి. రెండు వందల గుడ్లు దించినాం అనుకుందాం. చాకీకి 9,000. ఎరువు, కరెంటు, తోట పని ఈ పంట వాటాకు 8,000. బ్లీచింగు, సున్నం, పడక మీద చల్లే పొడి 3,000. చివరి దశలోనూ గూళ్లు విడిపించేటప్పుడూ బయటి కూలీలకు 8,000. బండి బాడుగ, మార్కెట్టు ఖర్చు 2,000. మొత్తం 30,000. గూళ్లు 140 కిలోలు వచ్చినాయనుకుంటే కిలోకు 214 రూపాయలు పడింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. “రెండు వందల చిల్లర ఖర్చు, ఐదు వందలకు అమ్మినాం, సగానికి పైన లాభం” అంటారు.

ఆపకూడదు. ఆ ఇరవై ఆరు రోజులు షెడ్డులో ఎవరున్నారు? ఇంటి ఆడమనిషి, మగమనిషి, సెలవు రోజు పిల్లలు. రాత్రి పది గంటల మేత ఎవరు వేసినారు? తెల్లవారుజామున కొమ్మలు ఎవరు మోసినారు? ఇద్దరివీ కలిపి నలభై కూలి దినాలు, దినానికి 400 అనుకుంటే 16,000. అది కలిపితే ఖర్చు 46,000, కిలోకు 329. షెడ్డు అప్పు వడ్డీ ఇంకా కలపలేదు. “ఇంట్లోవాళ్లకు కూలి ఏమిటి?” అనే మాట మాకు కొత్త కాదు. సరే, ఇంట్లోవాళ్లు లేకుంటే ఆ పని ఎవరు చేస్తారు, ఎంత అడుగుతారు? ఒక్క పంటకు ఇంటావిడకు జ్వరం వచ్చి మంచం పడితే తెలుస్తుంది ఆ కూలి ఎంతో. లెక్కలో లేని మనిషికి విశ్రాంతి కూడా లెక్కలో ఉండదు.

ఈ మాట దగ్గర టి. నగర్ గురించి ఇంకో సంగతి చెప్పాలి, అక్కడివన్నీ నేర్చుకోదగినవి కాదు. ఆ పెద్ద బట్టల మాళిగల్లో ఆడపిల్లలు పొద్దున్నించి రాత్రి దాకా నిలబడే ఉంటారు. కూర్చోవడానికి స్టూలు కూడా ఉండేది కాదు. రంగనాథన్ వీధి అంగళ్లలో పనిచేసే పిల్లల బతుకు మీద 2010లో అంగాడి తెరు అని తమిళ సినిమానే వచ్చింది. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం మార్చినాక అంగళ్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి పెట్టాలని వచ్చింది. కూర్చోవడానికి ఒక చట్టం కావాల్సి వచ్చిందంటే ఆలోచించండి. మన షెడ్లకు ఏ చట్టమూ రాదు. ఐదో దశలో ఇంటి ఆడమనిషి వంట చేసి, పిల్లలను పంపి, నాలుగు పూటలు మేత వేసి, పెంట తీసి, రాత్రి మళ్లీ మేత వేసి పడుకుంటుంది. పుస్తకంలో ఆమె పేరు మీద ఒక గీత ఉంటే, “ఈ పంటకు ఒక కూలి మనిషిని అదనంగా పెట్టుకుందాం, కిలోకు పదిహేను రూపాయలే కదా పడేది” అని ఇంట్లో మాట అయినా వస్తుంది. పుస్తకంలో లేకుంటే ఆ మాటే రాదు.

ఇప్పుడు రేటు సంగతికి వద్దాం. అదే 46,000 ఖర్చు, అదే రెండు వందల గుడ్లు. ఒకాయన 140 కిలోలు తీసి 500కు అమ్మినాడు. చేతికి 70,000, మిగిలింది 24,000. ఇంకొకాయనకు రోగం తగిలి 100 కిలోలే వచ్చినాయి, కానీ ఆ వారం మార్కెట్టు బాగుండి 550 పలికింది. చేతికి 55,000, మిగిలింది 9,000. మామూలుగా రచ్చబండ దగ్గర ఎవరు మీసం తిప్పుతారు? 550కి అమ్మినాయన. ఫోటో తీసి గ్రూపులో పెట్టేది కూడా ఆయన చీటీనే. యాభై రూపాయల రేటు కోసం ఇన్ని ఫోన్లు చేసే మనం నలభై కిలోల గూళ్లు ఎక్కడ పోయినాయని ఒక్క ఫోన్ కూడా చేయం.

ఆ నలభై కిలోలు పోయేది ఎక్కువసార్లు రేటు పడిన నెలలోనే. రేటు పడితే మనసు పడుతుంది. పంట అయిపోయినాక షెడ్డు కడగాలి. వంద లీటర్ల నీళ్లకు రెండు కిలోల బ్లీచింగు, మూడు వందల గ్రాముల సున్నం కలిపి గోడలు, స్టాండ్లు, నేల, చంద్రికలు అన్నీ తడిచేటట్టు కొట్టాలి. పంట అయిన వెంటనే ఒకసారి, చాకీ దించే మూడు నాలుగు రోజుల ముందు ఇంకొకసారి. ఇది తెలియని రైతు మనలో లేడు. రేటు బాగున్నప్పుడు రెండుసార్లూ చేస్తారు. రేటు పడితే “ఈసారికి ఒక్కసారి చాలు లే” అంటారు. పాలు కారే పురుగు వదిలిపోయిన రోగం గోడ పగుళ్లలో నెలల తరబడి ఉంటుంది. దానికి రామనగర రేటు తెలియదు. తర్వాతి పంటకు రేటు లేస్తుంది, గూళ్లు ఉండవు. పక్కింటాయన షెడ్డులోకి కూడా పోతుంది, ఆయన రెండుసార్లు కొట్టినా సరే. అందుకే ఒకరి అలవాటు ఒకరి సొంత విషయం అని మేము ఒప్పుకోం. ఒకే బోరు మీద, ఒకే దారి మీద ఉన్న ఐదారు షెడ్లు ఒక్క అంగడి కింద లెక్క.

ఈ రోగం సంగతిలో ఒక పాత కథ ఉంది, చాలామందికి తెలిసే ఉంటుంది. ఫ్రాన్స్ దేశం దక్షిణాన పెబ్రిన్ రోగం వచ్చి పట్టు రైతులు మూలబడితే, 1865లో లూయీ పాశ్చర్‌ను ప్రభుత్వం అక్కడికి పంపింది. కుక్క కాటుకు టీకా కనిపెట్టిన పాశ్చరే, అది తర్వాతి మాట. ఆయనకు అప్పటిదాకా పట్టుపురుగుల పని తెలియదు. ఐదేళ్లు ఆ పని మీదే ఉండి ఆయన తేల్చింది మందు కాదు, ఒక పద్ధతి. ఒక్కో తల్లి చిలుకను విడిగా పెట్టు. అది గుడ్లు పెట్టినాక దాన్ని నూరి సూక్ష్మదర్శిని కింద చూడు. రోగం గింజలు కనబడితే ఆ గుడ్లు కాల్చెయ్యి, లేకుంటే ఉంచు. ఏ గుడ్లు ఏ తల్లివో కలిసిపోకుండా చూడు. అంతే పని. ఇన్నేళ్లయినా గుడ్ల కేంద్రాల్లో చేసేది ఆ పనే. మనం డి.ఎఫ్.ఎల్. అని పిలిచేదానికి అర్థం రోగం లేని గుడ్లు అని. మందు కనిపెట్టి ఉంటే పేరు ఇంకా పెద్దగా వచ్చేదేమో, కానీ పరిశ్రమను నిలబెట్టింది ప్రతి చిలుకనూ విసుగు లేకుండా చూసే అలవాటు. కలిపేస్తే ఏదీ తెలియదు, విడిగా పెట్టి రాసుకుంటే తెలుస్తుంది. మన పంటల లెక్క కూడా అంతే. ఏడాది మొత్తం మీద “పరవాలేదు” అనుకుంటాం. పంట పంటకూ విడిగా రాస్తే ఎండాకాలం పంట ప్రతి ఏడూ ముంచుతా ఉందనీ, ఆ ఒక్క పంట మానేసి తోటకు ఎరువు తోలుకుంటే మేలనీ తేలొచ్చు. కొందరికి తేలకపోవచ్చు కూడా. రాస్తే కదా తెలిసేది.

“నీకు చేతివాసి ఉంది, నాకు లేదు” అనే మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. చేతివాసి ఉందని మనం అనుకునేవాళ్ల షెడ్డుకు పోయి చూడండి. తలుపు దగ్గర సున్నం, బ్లీచింగు కలిపిన గోనెపట్ట ఉంటుంది. లోపలికి వేరే చెప్పులు. చెయ్యి కడుక్కోకుండా వాళ్ల సొంత తమ్ముడిని కూడా రానివ్వరు, పొగరు అంటే అననీ అంటారు. గోడకు థర్మామీటరు ఉంటుంది, అది అలంకారానికి కాదు. చివరి దశలో 24, 25 డిగ్రీలు, తేమ 70 దగ్గర ఉందా లేదా అని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూస్తారు. జ్వరానికి పోయిన పురుగుకు ఆకు వేయరు, అన్నీ లేచేదాకా ఆగుతారు. తడి ఆకు వేయరు. జబ్బు పురుగు కనబడితే కాలితో తోసెయ్యరు, ఏరి బ్లీచింగు నీళ్ల డబ్బాలో వేస్తారు. వీటిలో ఏ ఒక్కటీ గొప్ప విద్య కాదు. అన్నీ ప్రతి రోజూ చేయడమే కష్టం, అందులోనూ రేటు పడిన రోజు.

రేటు పడితే ఏమవుతుందో మన జిల్లాలు 2011లో చూసినాయి. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్లో ముడిపట్టు మీద దిగుమతి సుంకం 30 శాతం నుంచి 5 శాతానికి దించేసినారు. చైనా పట్టు దిగింది, గూళ్ల రేటు కూలింది. 2013లో సుంకం మళ్లీ 15కు పెంచినారు. ఆ మధ్యలో మల్బరీ తోటలు పీకేసినవాళ్లు మన వైపు ఎందరో. అది తప్పని మేము అనం. బోరు ఎండిపోయి, అప్పు మీద అప్పు ఉన్నవాడికి పీకడమే సరైంది అయ్యుండొచ్చు. మా బాధ ఏమిటంటే, పీకినవాళ్లూ లెక్క చూసి పీకలేదు, ఉంచినవాళ్లూ లెక్క చూసి ఉంచలేదు. పక్కాయన ట్రాక్టరు పెట్టినాడని ఈయనా పెట్టినాడు. నాటి బాగా చూసుకుంటే పదిహేనేళ్లు ఆకు ఇచ్చే తోట అది. తన కిలోకు ఎంత పడుతుందో తెలిసినవాడు ఏ రేటు దగ్గర ఆపాలో, ఏ రేటు దాకా పళ్లు బిగబట్టి నిలవొచ్చో తనే చెప్పగలడు. తెలియనివాడికి పక్కాయన ట్రాక్టరే లెక్క. అలాంటి రోజు మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు.

డబ్బు విషయంలో కూడా ఒక మాట. గూళ్ల డబ్బు ఖాతాలో పడిన రోజు ఇంట్లో పండగ. ఫీజు, చీటీ పాట, బంగారం వడ్డీ, సంత, అన్నీ ఆ రోజే గుర్తొస్తాయి. పది రోజులకు చాకీకి డబ్బు లేక మళ్లీ చేబదులు. టి. నగర్‌లో పేవ్‌మెంటు మీద పిన్నులు, రిబ్బన్లు అమ్ముకునే అక్కను అడిగి చూడండి, సరుకు డబ్బు ఒక సంచిలో, ఇంటి డబ్బు ఇంకో సంచిలో ఉంటుంది. సరుకు సంచిలో చెయ్యి పెడితే రేపు అంగడి లేదని ఆమెకు తెలుసు. మనకు సంచి కూడా అక్కర లేదు, బ్యాంకులో ఇంకో ఖాతా చాలు. డబ్బు పడిన రోజే తర్వాతి పంట చాకీ, మందుల మొత్తం అందులోకి మార్చేస్తే, మిగిలింది ఇంటిది. చేబదులు వడ్డీ ఏడాదికి ఎంత పోతుందో అది కూడా పుస్తకంలో ఒక గీతే.

మార్కెట్టుకు పోయే సరుకు గురించి పెద్దగా చెప్పేది లేదు, మీకు తెలిసిందే. జంట గూళ్లు, మరక గూళ్లు, పల్చటివి ఇంట్లోనే ఏరి వేరే సంచిలో కట్టండి. అడుగున దాచి పైన మంచివి పోసేవాళ్లు ఉన్నారు. రీలరు చెయ్యి అడుగు దాకా పోతుంది, ఆయనా వ్యాపారస్తుడే.

కొందరు అంటారు, మేము చదివింది పదో తరగతి, ఈ లెక్కలన్నీ యాప్‌లలో పెట్టడం మా వల్ల కాదు అని. మేమూ పదో తరగతే. యాప్ అక్కర లేదు. పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలు చాలు. పంటకు ఒక పేజీ. చాకీ దించిన తేదీ, ఎన్ని గుడ్లు, ఏ రకం. బయటికి పోయిన ప్రతి రూపాయి, పోయిన రోజే. ఇంటివాళ్లు ఎన్ని దినాలు చేసినారో, ఎవరు చేసినారో పేరుతో సహా. ఎక్కడైనా రోగం కనబడితే ఏ రోజు, ఏ స్టాండు, ఎన్ని పురుగులు. చివర గూళ్లు ఎన్ని కిలోలు, రేటు ఎంత, చేతికి ఎంత, కిలోకు ఎంత పడింది. రాత్రి మేత అయినాక ఐదు నిమిషాలు పని. మా ఇంట్లో ఆ పుస్తకం రాసేది మా ఇంటావిడ, ఎందుకంటే నిజంగా ఏం జరిగిందో ఆమెకే తెలుసు. మేము రాస్తే బీడీ కట్ట, టీ ఖర్చు తక్కువ పడతాయని ఆమె అనుమానం.

ఈ పత్రిక నడిపేవాళ్లకు మా విన్నపం ఒకటుంది. రోజూ రేట్లు వేస్తున్నారు, వేయండి. నెలకు ఒక్కసారి, మార్కెట్టు రేట్ల పక్కనే, ఇష్టపడి పంపిన రైతుల “కిలోకు పడిన ఖర్చు” కూడా వేయండి. పేరు వద్దు, ఊరు వద్దు, మండలం చాలు. ఎన్ని గుడ్లు, ఎన్ని కిలోలు, కిలోకు ఎంత, ఇంటి కూలి కలిపినారా లేదా. పది మందివి పక్కపక్కన పెడితే ఒకే మండలంలో ఒకరికి 300, ఒకరికి 450 ఎందుకు పడుతుందో మనమే ఒకరినొకరు అడుగుతాం. అవసరమైతే సెరికల్చర్ ఆఫీసు వాళ్లను కూడా కూర్చోబెట్టుకుని అడగొచ్చు, చేతిలో కాగితం ఉంటుంది కాబట్టి. మా తర్వాతి చాకీ వచ్చే నెల మొదటి వారంలో దించుతాం. ఆ పంట పేజీ ఫోటో తీసి మొదట మేమే పంపుతాం, నష్టం వచ్చినా సరే.